మొదటి గూటి గుడ్లు

నల్గొండ
జనవరి 11

నుజహత్‌కు,

ఆ రోజు పొద్దున మీ అమ్మీ మొదటి గూట్లోకి ఏం తీసుకెళ్లింది?

పద్దెనిమిదేళ్ళుగా ఈ ప్రశ్న నాతోనే ఉంది. ఉత్తరం మొదట్లోనే ఇలా అడగడం మర్యాద కాదని తెలుసు. కానీ కుశల ప్రశ్నలు మొదలుపెడితే వాటి వెనక దాక్కుంటానని కూడా తెలుసు. అందుకే ముందు ఇది రాసేశాను.

నీకు గుర్తుండే ఉంటుంది. నా పీజీ థీసిస్ కోసం బార్కస్‌లో మీ ఇంటి వెనక, జామచెట్ల కింద రెండు గూళ్ళు కట్టించాం. గూటికి ముప్పై కోళ్ళు. రెండింటికీ ఒకటే దాణా. మొదటి గూటి దాణాలో మాత్రం మెంతిపొడి, ఎండబెట్టిన బంతిరేకుల పొడి కలిపేదాన్ని. ఏ గూటి గుడ్లకు సొన రంగు బాగా వస్తుందో, పెంకు గట్టిగా ఉంటుందో నాలుగు నెలలు చూడాలి. నేను రోజూ షాలిబండలో బస్సెక్కి ఎనిమిదింటికి మీ ఇంటికి చేరేదాన్ని. ఒక్క రోజు మాత్రం నాన్న దుకాణం పనిమీద అటు వెళ్తుంటే ఆయన స్కూటరు మీద ఆరింటికే వచ్చాను. అమ్మీ మొదటి గూట్లోంచి బయటికి వస్తోంది. చేతిలో ఖాళీ రేకు పళ్ళెం. నన్ను చూసి దాన్ని దుపట్టా వెనక్కి జరిపింది. "పిల్లులొచ్చినయి బిడ్డా, కొట్టనీకి వోయిన" అంది. గల్లీ మలుపు దాకా వినపడే ఆమె లాడ్ బజార్ గాజులు ఆ పూట మోచేతుల దాకా ఎగదోసి ఉన్నాయి. చప్పుడు లేదు.

నేనేమీ అడగలేదు.

ఫలితాలు చాలా బాగా వచ్చాయి. మొదటి గూటి గుడ్ల పెంకు అంత గట్టిగా ఉండటం చూసి మా గైడు సారు "ఇంత తేడానా?" అని రెండుసార్లు అడిగారు. మూడోసారి భుజం తట్టారు. ఆ థీసిస్‌లోంచి ఒక ముక్క తీసి, పెరటి కోళ్ళు పెంచేవాళ్ళ కోసం వేసే చిన్న పుస్తకంలో పెట్టారు. "మెంతిపొడి కలిపితే పెంకు గట్టిపడుతుంది. పెంకు బలానికి కోళ్ళకు పెట్టే ఆల్చిప్పల పొడిని సగానికి తగ్గించుకోవచ్చు." ఆ వాక్యాలు నావి. యాభై, వంద కోళ్ళు పెట్టుకున్న ఆడవాళ్ళకు ఇక్కడి శిక్షణ తరగతుల్లో నేనే వాటిని చదివి వినిపిస్తాను.

పోయిన నెల తరగతికి బుచ్చమ్మ అనే ఆమె కొంగున కట్టుకొచ్చిన గుడ్డును నా బల్ల మీద పెట్టింది. నెర్రె విచ్చి, సొన కారుతోంది. "మేడం, మీ పొడి వెట్టవట్టి రెండు నెలలాయె. బస్సుల జాగ్రత్తగనే పట్టుకొచ్చిన. కోడి తప్పా, నా తప్పా?" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంకెవరి తప్పయినా ఉండవచ్చని ఆమెకు తోచలేదు.

పుస్తకం మళ్ళీ అచ్చుకు వెళ్తోంది. మార్చి నెలాఖరులోగా నేను చదివి సంతకం పెట్టాలి. అందుకే ఇప్పుడు అడుగుతున్నాను. ఫోన్ చేయవచ్చు. కానీ నువ్వు "అరే ఛోడ్, వీణా" అంటే నేను నిజంగానే వదిలేస్తాను. నా సంగతి నాకు తెలుసు.

నీ
వీణ


బార్కస్
జనవరి 29

వీణా,

సలాం లేదు, ఎట్లున్నవ్ లేదు, గూట్లె ఏం వెట్టిన్రు అని మొదలువెట్టినవ్. పోలీసోళ్ళు గూడ ముందుగాల చాయ్ తాగుతరు.

నేను బాగున్న. మోకాళ్ళు బాగలెవ్వు. తెలుగు రాసి ఏండ్లయింది. తప్పులుంటె ఎర్ర పెన్నుతోని దిద్దకు. షాలిబండ బడిల పక్కపక్కన కూసున్నప్పుడు గూడ గదే చేస్తుంటివి.

అమ్మీ పోయి ఆరేండ్లు. నువ్వొచ్చినవ్, దర్వాజ కాడ నిలవడ్డవ్, పది నిమిషాలకు వోయినవ్. నీళ్ళు గూడ తాగలే. మేమేం తప్పు జేసినమో అని మస్తు రోజులు ఆలోచించిన. ఇప్పుడేమో పోయినామె పళ్ళెంల ఏముండె అని అడుగుతున్నవ్. నాకు యాది లేదు.

ఒక ముచ్చట చెప్త, సంతోషపడు. అమ్మీ కోళ్ళను ఇప్పుడు నేనే జూస్తున్న. నూటిరవై ఉన్నయి. ఇల్లు దీని మీదనే నడుస్తున్నది. పోయినేడు మా అన్న బిడ్డ ఫరీహా ఫోన్ల నీ పుస్తకం తీసి చూపెట్టింది. కింద నీ పేరున్నది. "ఫుప్పూ, మీ దోస్తేనా?" అంటె, ఆ ఫోన్ పట్టుకొని గల్లీల అందరికి చూపిచ్చి వచ్చిన. దీపావళి కాడికెల్లి నువ్వు రాసినట్టే చేస్తున్న. మెంతిపొడి కలుపుతున్న. ఆల్చిప్పల పొడి సగం జేసిన. బంతిరేకులకు సొన ఎట్లొస్తున్నదంటె, కుంకుమపువ్వు జాఫ్రాన్ ఏసినవా అని అడుగుతున్నరు.

గుడ్లన్ని మా తౌఫీఖ్ భాయ్ బేకరీకే పోతయి. బార్కస్‌ల మా గుడ్లకు పేరున్నది, అది అమ్మీ నాటి పేరు. రంజాన్ దగ్గరవడ్డది. ఎన్ని పెడితె అన్ని నాకే ఇయ్యాలె అంటున్నడు.

గుడ్లు బాగనే ఉన్నయి. ఫికర్ చేయకు.

నుజహత్


నల్గొండ
ఫిబ్రవరి 8

ప్రియమైన నుజహత్,

ఆ తిట్టు నాకు దక్కవలసిందే. మోకాళ్ళకు ఏం వాడుతున్నావు? పొద్దున్నే గూళ్ళు ఊడ్వడానికి వంగకు, పొడుగు చీపురు పెట్టుకో.

దర్వాజ దగ్గర నిలబడి వెళ్ళిపోయిన మాట నిజం. లోపలికి వస్తే వెనక వాకిట్లోకి రావాల్సి వచ్చేది. అక్కడ గూళ్ళు కనపడతాయి. అమ్మీ పోయిందని నువ్వు కబురు చేసినప్పుడు నాకు మొదట ఏడుపు రాలేదు. ఇక అడగడానికి ఎవరూ లేరు కదా అనిపించింది. అది దిగులో, నిశ్చింతో నాకు తెలియలేదు. అట్లాంటి మనసుతో మీ ఇంట్లో నీళ్ళు తాగబుద్ధి కాలేదు. తప్పు చేసింది మీరనుకున్నావా? ఆరేళ్ళు అట్లా అనుకోనిచ్చానా నిన్ను?

అమ్మీ గురించి యాది లేదన్నావు. సరే. ఒత్తిడి చేయను.

నీ గుడ్లు నిజంగా బాగున్నాయా? ఒక పని చెయ్యి. లీటరు నీళ్ళకు నూట ఇరవై గ్రాముల ఉప్పు కలుపు. ఆ రోజే పెట్టిన గుడ్లు పది తీసుకుని ఒక్కొక్కటే అందులో వదులు. మునిగితే పెంకు గట్టిగా ఉన్నట్టు. తేలితే పల్చబడినట్టు. నిన్నటివో మొన్నటివో వేయకు, పాత గుడ్లు ఎట్లాగూ తేలతాయి. ఎన్ని మునిగాయో, ఎన్ని తేలాయో రాయి.

ఇంకా రాయాల్సింది ఉంది. నువ్వు చూసి చెప్పాక రాస్తాను.

వీణ


బార్కస్
మార్చి 14

వీణా,

నీ ఉత్తరం వచ్చిన దినమే ఉప్పు నీళ్ళు కలిపిన. పది గుడ్లల్ల ఏడు తేలినయి. నెల దాటింది నీకు రాయక. కోపం చల్లారనీ అనుకున్న. చల్లారలే.

పోయిన జుమ్మా నాడు ఇఫ్తార్‌కు ముందు గుడ్లు తీస్కొని బేకరీకి పోయిన. దుకాణం నిండ మంది. తౌఫీఖ్ భాయ్ ట్రేలకెల్లి ఒక గుడ్డు తీసిండు. గట్టిగ గూడ వట్టుకోలే, బొటనవేలు లోపలికి దిగింది. ఇంకోటి తీసిండు, గదే. చెయ్యి కడుక్కుంట అందరి ముంగట అన్నడు: "ఆపా, మీ అమ్మీ గుడ్ల గురించి మా అబ్బా గల్ల పెట్టె కాడ కూసున్నప్పుడు ఒక మాట అంటుండె. షహనాజ్ బీ గుడ్డు కింద వడితె దొర్లుతది, పలగది అని. కోళ్ళు అవే, ఇల్లు అదే. నువ్వేం తక్వ జేసినవ్?"

ఏం చెప్పాలె? మా దోస్త్ పుస్తకం రాసింది, అది జూసి తక్వ జేసిన అని చెప్పాల్నా? తెల్లారి సంది ఆయనకు గుడ్లు వ్యాన్‌ల వస్తున్నయి. ఈద్ అయినంక చూద్దాం ఆపా అన్నడు, నా మొఖం దిక్కు చూడకుంట. పగిలిన గుడ్లు గల్లీల పంచుతున్న. పొద్దుగాల సహరీల ఆమ్లెట్, ఇఫ్తార్‌ల ఆమ్లెట్. ఫరీహా నన్ను జూస్తె కొక్కొరొకో అంటున్నది.

ఇగ నువ్వు అడిగిందానికి చెప్త. అమ్మీ నా చేత కసం తీస్కున్నది, ఒట్టు వెట్టిచ్చుకున్నది. థీసిస్ పాసైనంక మిఠాయి డబ్బ తెచ్చి నువ్వు ఆమె కాళ్ళు మొక్కి పోయిన దినం, లోపలికి వచ్చి నా చెయ్యి వట్టుకొని, ఎవ్వలకు చెప్పొద్దు, వీణకు అసలే చెప్పొద్దు అన్నది. అందుకే యాది లేదన్న. కసం తప్పుతున్న, రంజాన్‌ల. అల్లా మాఫ్ చెయ్యాలె.

పళ్ళెంల గుడ్డు పెంకులుండె. తౌఫీఖ్ భాయ్ అబ్బా బేకరీల పలగ్గొట్టినంక పారేసే పెంకులు. అమ్మీ దినాం సాయంత్రం బకెట్ వట్టుకపోయి తెచ్చేది. కడిగి, తవా మీద కరకరలాడేదాక వేంచేది. హావన్ దస్తా రోట్ల దంచింది నేనే. దాంట్ల పాలకూర కాడలు కోసి కలిపి, నువ్వొచ్చే టైముకు ముందే మొదటి గూటికి పెడుతుండె. నాలుగు నెలలు. ఒక్క దినం గూడ నాగ పెట్టలే.

రెండో గూటి కోళ్ళ పాపమేంది అమ్మీ అని అడిగిన. "పిచ్చి దీవానీ, అవి ఓడిపోవాల్సినవి గద. వీణ బిడ్డ దినాం బస్సుల నిలవడి వస్తది. దాని కోళ్ళు గెలవాలె" అన్నది. పరీక్ష అంటె ఆమెకు గట్లనే సమజైంది. మా అన్నను పరీక్షకు పంపేటప్పుడు పెరుగు, చక్కెర తినిపిచ్చి పంపుతుండె గద, నీ కోళ్ళకు పెంకులు తినిపిచ్చింది.

అన్ని తెల్సి పుస్తకం జూసి ఆల్చిప్పల పొడి ఎందుకు తగ్గించినవ్ అంటవేమో. నువ్వు అంత సదువుకున్నవ్, మిషన్లల్ల పెట్టి కొలిచినవ్. మేము పెట్టిన పెంకులు నీ లెక్కలకు రాలేదేమో, అవి అంత పెద్దవి కావేమో అనుకున్న. అచ్చుల ఉన్నదాన్ని హావన్ దస్తా తోని ఎట్ల కాదంట?

ఇప్పుడు నేనడుగుత. నీకు తెల్వదా? పళ్ళెం జూసినవ్, గాజులు జూసినవ్. అది పోనీ. పొడి సగం జేసిన అని జనవరిల నేనే రాసిన. అప్పటికే నీకు అనుమానమున్నది, అందుకే గద ఉత్తరం రాసినవ్. ఉప్పునీళ్ళ గురించి అంత రాసినవ్. "నుజ్జూ, ఆ పొడి మల్ల వెట్టు" అని ఒక్క ముక్క రాయనీకి నీకు ఏమడ్డమొచ్చింది?

నుజహత్


నల్గొండ
మార్చి 18

నుజ్జూ,

ఆల్చిప్పల పొడి ఇవాళే మళ్ళీ పూర్తిగా పెట్టు. సాయంత్రం మేతలో పెట్టు. కోడి కడుపులో పెంకు కట్టుకునేది రాత్రిపూట, ఆ వేళకు అందుతుంది. మెంతిపొడి ఆపెయ్యి. బంతిరేకులు ఉండనీ, వాటి వల్ల నష్టం లేదు. పది పదిహేను రోజుల్లో తేడా కనపడుతుంది.

ఇవి ఫిబ్రవరిలోనే రాయాల్సిన మాటలు. రాస్తే నా వాక్యం తప్పని నా చేత్తో ఒప్పుకున్నట్టవుతుందని రాయలేదు. ఇంతకంటే మంచి కారణం కోసం నీ ఉత్తరం అందినప్పటి నుంచి వెతుకుతున్నాను. లేదు.

ఈద్ అయ్యాక వస్తాను. ఈసారి లోపలికి వస్తాను, నువ్వు రమ్మంటే.

వీణ


షాలిబండ
ఏప్రిల్ 5

నుజ్జూ,

మీ ఇంటి నుంచి వచ్చి గంట కూడా కాలేదు. పిన్నివాళ్ళ మేడ మీద కూర్చుని రాస్తున్నాను. మూడు గంటలు నీ ఎదురుగా ఉండి చెప్పలేనిది రేపు బస్సెక్కేలోగా రాసి ఇక్కడి పోస్టు డబ్బాలోనే వేసి వెళ్ళాలి. నల్గొండ చేరితే మళ్ళీ ధైర్యం చాలదు.

నువ్వు తిడతావనుకుని వచ్చాను. నువ్వేమో గోడ పక్కన పీట వేసి, హావన్ దస్తా నా ముందుకు జరిపి, "కూసో. మాటలు తర్వాత" అన్నావు. వేయించిన పెంకులు ఇంత గట్టిగా ఉంటాయని నాకు తెలియదు. థీసిస్ రాసినదాన్ని, నాకు తెలియదు. ఫరీహా వచ్చి "మేడం గారు దంచుతున్నరు, ఫోటో తియ్యాల్నా" అంటే, నువ్వు తలెత్తకుండా "దంచుడు కాదు బేటా, జోలపాట పాడుతున్నది" అన్నావు. నవ్వు వచ్చింది. ఆ తర్వాత నువ్వు నీళ్ళ గ్లాసు ఇచ్చావు. తాగాను. ఇంకోటి ఇచ్చావు, అదీ తాగాను.

ఉప్పునీళ్ళలో ఇవాళ పది గుడ్లలో రెండే తేలాయి. అయినా తౌఫీఖ్ భాయ్ వ్యాన్ గుడ్లు మానలేదు. నన్ను బేకరీ గుమ్మం దగ్గర చూసి "వారానికి ఒక ట్రే తెమ్మను, చూస్తా" అన్నాడు. నెల కిందటి దాకా అన్నీ తీసుకున్న మనిషి. అమ్మీ పేరు మీద నడిచిన బేరాన్ని నేను ఒక వాక్యంతో తీసేశాను. అది మళ్ళీ వస్తుందని నీకు ధైర్యం చెప్పే హక్కు నాకు లేదు. చెప్పకుండానే వచ్చాను.

పోయిన వారం బుచ్చమ్మ ఇంటికి కూడా వెళ్ళాను. కోడి తప్పు కాదు, నీ తప్పు కాదు, నాదని చెప్పాను. ఆమె, "గట్లనా మేడం. అయితె మిగిలిన మెంతులు పప్పుల ఏస్కుంట. మీరు ఏమన్న తిన్నరా పొద్దటి సంది?" అంది. తిట్టి ఉంటే బాగుండేది. ఆ తరగతుల్లో కూర్చున్న మిగతావాళ్ళ పేర్లు రిజిస్టర్లో ఉన్నాయి. ఒక్కొక్కరికీ ఫోన్ చేస్తున్నాను. కొందరు నంబర్లు మార్చేశారు.

పుస్తకంలో పెంకు గురించిన రెండు వాక్యాలూ కొట్టేసి సంతకం పెట్టాను. కారణం ఒక లైనులో రాయమన్నారు. "ప్రయోగ కాలంలో మొదటి గూటి కోళ్ళకు అదనపు మేత అందింది. గమనించకపోవడం నా లోపం" అని రాశాను. ఇవాళ ఆ కాగితం నీకు చూపిస్తే వేలు పెట్టి చదివి, "అందింది అంట. దానంతల అదే నడ్సుకుంట వచ్చిందా?" అన్నావు. అమ్మీ పేరు రాయమంటావా అని అడిగితే లేచి కోళ్ళకు నీళ్ళు పోయడానికి వెళ్ళావు. పేరు రాస్తే ఆమె మోసం చేసినట్టు చదువుకుంటారు. ఆమె చేసింది మోసం కాదని ఒక లైనులో ఎట్లా రాస్తారు?

కానీ ఈ ఉత్తరం అందుకోసం కాదు. ఆ కాగితంలో నేను రాసిన ఇంకో మాట కోసం. "గమనించకపోవడం" అని రాశాను కదా. నువ్వు దాని మీద వేలు పెట్టలేదు. పెడతావేమోనని చూశాను.

నీకు తెల్వదా అని అడిగావు. జవాబు ఇవ్వాలని ఆనాటి నోటుబుక్కు తీశాను. నాలుగు నెలల పేజీలు. ప్రతి పేజీలోనూ అవే నాలుగు అంకెలు: ఎన్ని గుడ్లు, ఎంత బరువు, ఎంత మేత, ఎంత ఎండ. మాటలంటూ ఎక్కడా లేవు. ఆ ఒక్క రోజు పేజీలో మాత్రం కింద ఒక లైను ఉంది. "ఉదయం 6.10. గూడు 1 దగ్గర పిల్లులు. కోళ్ళు క్షేమం."

మీ గల్లీలో పిల్లులు చాలా ఉండేవి, అది నిజమే. కానీ ఆ రోజు నాకు ఒక్క పిల్లి కూడా కనపడలేదు. అమ్మీ వేళ్ళకు తెల్లటి పొడి ఉంది. ఇది మొదటి ఉత్తరంలో నీకు రాయలేదు. పళ్ళెం రాశాను, గాజులు రాశాను, పొడి వదిలేశాను. ఆ తర్వాత నాన్న ఇంకో రెండుసార్లు పొద్దున్నే అటు వెళ్తూ స్కూటరెక్కమన్నాడు. నేను బస్సుకే వస్తానన్నాను.

ఇదంతా వరసగా పెట్టి చూస్తే నాకు తెలిసే ఉండాలి. ఇంకెవరి నోటుబుక్కయినా అయితే అట్లాగే తేల్చేసేదాన్ని. కానీ ఆ పొద్దుటి నన్ను గుర్తు చేసుకుంటే, చలికి వణుకుతూ, అమ్మీ ఇవ్వబోయే చాయ్ కోసం చూస్తున్న ఇరవై ఆరేళ్ళ పిల్ల కనపడుతుంది. ఆ పిల్ల అమ్మీ మాట నమ్మినట్టే ఉంటుంది. ఆమె మాట నమ్మకపోవడం ఆ ఇంట్లో ఎట్లా కుదురుతుంది?

అమ్మీ చెప్పింది నమ్మి ఆ లైను రాశానా, రాసిపెట్టుకుంటే తర్వాత నమ్మవచ్చని రాశానా, నాకు తెలియదు నుజ్జూ. తెలిసే చేశానని ఒప్పుకుంటే నీ కోపానికి ఒక చోటు దొరుకుతుంది. తెలియదంటే మళ్ళీ దాక్కున్నట్టుంటుంది. రెండింటిలో ఏది నిజమో నేను తేల్చుకోలేకపోతున్నాను.

నీ
వీణ